పట్టుచీరలు, ఎండుచేపలు, 10.83: బరంపురంలో ఒక న్యూట్రాన్ బ్యాగేజ్ ట్రయల్

ఈ కేసు, అంటే బ్యాగుల్లో దాచిన పేలుడు పదార్థాలను న్యూట్రాన్లతో వెతికే మిషన్ పరీక్ష, ఒడిశాలోని గంజాం జిల్లాలో, బరంపురం ఊరి అంచున ఒక కాలేజీ షెడ్డులో జరిగింది. కంపెనీ పేరు, కాలేజీ పేరు, మనుషుల పేర్లు తీసేశాను. మిషన్ ఎంత పదార్థం దాకా పట్టగలదన్న లెక్కలు కూడా కావాలనే రాయలేదు. బ్యాగుల నంబర్లు మాత్రం మా రిజిస్టర్‌లో ఉన్నవే.

నా పని న్యూక్లియర్ ఇన్‌స్ట్రుమెంటేషన్. రేడియేషన్ డిటెక్టర్లు బిగించడం, వాటి ఎలక్ట్రానిక్స్ సరిచేయడం, సోర్సు (రేడియేషన్ వదిలే పదార్థం) ఉన్నచోట సేఫ్టీ చూడడం. సిమెంటు ఫ్యాక్టరీల్లో బెల్టు మీద వెళ్ళే సున్నపురాయిని న్యూట్రాన్లతో పరీక్షించే ఎనలైజర్ల దగ్గర చాలాకాలం పనిచేశాను. రాయి బదులు సూట్‌కేసు పెడితే అదే విద్య విమాన సామానుకూ పనికొస్తుంది. ఒక చిన్న కంపెనీ నన్ను పిలిచింది అందుకే.

నేపథ్యం

1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లండ్ తీరానికి దగ్గర్లో పేలిపోయి 329 మంది చనిపోయారు. టొరంటోలో ఆ ప్రయాణానికి సామాను చూస్తున్న ఎక్స్‌రే మిషన్ మధ్యలో పాడైతే, మిగిలిన బ్యాగులను చేతిలో పట్టుకునే చిన్న పరికరంతో చూసి పంపేశారు. ఈ పనిలోకి వచ్చే ప్రతి కుర్రాడికీ నేను మొదట చెప్పేది ఇదే. మూడేళ్ళ తరవాత, 1988 డిసెంబర్ 21న, లాకర్బీ ఊరి మీద పాన్ యామ్ విమానం పేలి 270 మంది పోయారు. ఆ బాంబు ఒక సూట్‌కేసులో, రేడియో క్యాసెట్ ప్లేయర్ లోపల ఉంది. మామూలు ఎక్స్‌రేలో రేడియో రేడియోలాగే కనిపిస్తుంది.

ఆ దెబ్బతో అమెరికా న్యూట్రాన్ల వైపు చూసింది. 1989లో న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టులో థర్మల్ న్యూట్రాన్ మిషన్, అంటే నెమ్మది చేసిన న్యూట్రాన్లతో పనిచేసేది, పెట్టారు. దాని బరువు పది టన్నుల పైమాటే, ధర పది లక్షల డాలర్లకు దగ్గర. 1990 మే నెలలో అక్కడి అధ్యక్షుడు వేసిన కమిషన్ దీన్ని తప్పుబట్టింది. చిన్న మోతాదులు దొరికేలా బిగిస్తే తప్పుడు అలారాలు మరీ ఎక్కువవుతాయని, తొందరపడి అన్నిచోట్లా పెట్టొద్దని చెప్పింది. 1994 చివర్లో సీటీ స్కాన్ పద్ధతిలో పనిచేసే మిషన్‌కు అక్కడి సర్టిఫికెట్ వచ్చాక ఎయిర్‌పోర్టులన్నీ అటే వెళ్ళాయి. న్యూట్రాన్ పద్ధతి లాబొరేటరీల్లోనే మిగిలింది. మా ట్రయల్ కూడా ఏ ఎయిర్‌పోర్టులోనూ జరగలేదు. ఇది ఒక నమూనా మిషన్ మీద చేసిన పరీక్ష మాత్రమే.

పద్ధతి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే తరవాత వచ్చే ప్రతి తప్పూ దీనిలోంచే పుట్టింది. కాలిఫోర్నియం-252 అనే సోర్సు నుంచి వేగంగా వచ్చే న్యూట్రాన్లను పాలిథిన్ దిమ్మెలతో నెమ్మది చేసి బ్యాగులోకి పంపిస్తాం. నెమ్మదించిన న్యూట్రాన్‌ను ఏదైనా పరమాణువు మింగితే వెంటనే గామా కిరణం వదులుతుంది. ఏ మూలకం వదిలిన కిరణానికి ఆ మూలకానికే చెందిన శక్తి ఉంటుంది. హైడ్రోజన్‌ది 2.22 ఎంఈవీ (కిరణాల శక్తిని కొలిచే ప్రమాణం). నైట్రోజన్ వదిలే వాటిలో ఒకటి 10.83 ఎంఈవీ. బ్యాగులో మామూలుగా ఉండే మరే వస్తువూ అంత ఎత్తున కిరణం వదలదు. టీఎన్‌టీలో నైట్రోజన్ 18.5 శాతం, ఆర్డీఎక్స్‌లో 38 శాతానికి దగ్గర. కాబట్టి 10.83 దగ్గర వచ్చే కిరణాల లెక్క పెరిగితే అనుమానించాలి. కాగితం మీద ఇంతకంటే శుభ్రమైన ఆలోచన ఉండదు.

చిక్కేమిటంటే నైట్రోజన్ న్యూట్రాన్లను చాలా బద్ధకంగా మింగుతుంది. ఉప్పులో ఉండే క్లోరిన్ దానికి నాలుగు వందల రెట్లు ఆబగా మింగుతుంది. మింగిన నైట్రోజన్‌లో కూడా నూటికి పద్నాలుగే 10.83 కిరణాన్ని ఇస్తాయి. అంటే మనం వెతికే గొంతు చాలా చిన్నది, చుట్టూ సంత.

బరంపురం ఎందుకంటే, ఆ కాలేజీలో గోడలు మందంగా కట్టిన షెడ్డు ఉంది, పక్కన ఇళ్ళు లేవు. ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) లైసెన్సు, సోర్సు రవాణా, ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీలు, చుట్టూ కంచె, ఇవన్నీ అయ్యేసరికి నెలలు పట్టింది. రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌గా సంతకం నాది. అసలు పేలుడు పదార్థం ఏదీ షెడ్డులోకి రాలేదు. దాని బదులు మెలమైన్ పొడి పొట్లాలు వాడాం. ప్లాస్టిక్ ప్లేట్లు చేసే ఈ తెల్ల పొడిలో మూడింట రెండు వంతులు నైట్రోజనే.

ఎదురైన సమస్య

కంపెనీ తన ఆఫీసులో పరీక్షించుకున్నప్పుడు వాడినవి కొత్త సూట్‌కేసులు. అందులో చొక్కాలు, తువ్వాళ్ళు, పుస్తకాలు, ఒక షేవింగ్ కిట్. అలారాలు దాదాపు రాలేదు. నేను ఒక షరతు పెట్టాను. ఇక్కడ మాత్రం నిజమైన జనం నిజంగా ప్రయాణానికి సర్దుకునే బ్యాగులే కావాలి. బరంపురంలో తెలుగు ఇళ్ళకు కొదవ లేదు. పెళ్ళికి విశాఖపట్నం వెళ్ళేవాళ్ళు, హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్ళేవాళ్ళు, సూరత్ మిల్లుల్లో పనికి వెళ్ళే కుర్రాళ్ళు. కాలేజీ సిబ్బంది ద్వారా వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఏం చేస్తామో తెలుగులో, ఒడియాలో చెప్పి, కాగితం మీద ఒప్పుకున్నవాళ్ళ బ్యాగులే తెచ్చాం.

మొదటి వారం 60 బ్యాగులు పెట్టాం. 19 బ్యాగులకు అలారం. ఒక్కదానిలోనూ మెలమైన్ లేదు.

60కి 19 అంటే రోజుకు వెయ్యి బ్యాగులు వచ్చే చోట మూడు వందల పైన విప్పాలి. ఒక్కోదానికి ఐదు నిమిషాలు వేసుకున్నా 25 గంటలు దాటుతుంది. రోజుకు ఉన్నవి 24. అంతకంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. మూడు వందల బ్యాగులు ఉత్తివే అని తేలాక, విప్పే మనిషి చెయ్యి అలవాటుపడి పోతుంది. జిప్పు లాగి, పైన చూసి, మూసేస్తాడు. అలారం నిజమైన రోజున కూడా అంతే చేస్తాడు. తప్పుడు అలారాన్ని చాలామంది ఆలస్యం కింద లెక్కేస్తారు. నేను ప్రమాదం కిందే లెక్కేస్తాను.

ముందు చేసిన రెండు తప్పులు

కంపెనీ ఇంజినీరు మొదట చెప్పిన మందు, అలారం గీత, అంటే ఎంత లెక్క దాటితే మోగాలన్న హద్దు, పైకి జరపడం. నాకు ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నాను. ఆ వారం అందరం టెన్షన్‌లో ఉన్నాం, కొనడానికి వచ్చేవాళ్ళ తేదీ దగ్గర పడుతోంది. గీత జరిపాం, అలారాలు సగానికి తగ్గాయి. మర్నాడు మెలమైన్ పొట్లం పెట్టిన బ్యాగులు వరసగా పెడితే వాటిలో కొన్నిటిని మిషన్ వదిలేసింది. ఎవరూ మాట్లాడలేదు. గీతను మళ్ళీ పాతచోటికి నేనే దించాను. ఆ రోజు రాత్రే నిర్ణయించుకున్నాను, అలారం ఎందుకు మోగిందో చెప్పలేనంతవరకు గీత ముట్టుకోకూడదని.

రెండో ప్రయత్నం సాఫ్ట్‌వేరు. ఎనిమిది డిటెక్టర్ల లెక్కలను చూసి మామూలు బ్యాగేదో, అనుమానపు బ్యాగేదో నేర్చుకునే ప్రోగ్రామ్ కంపెనీ దగ్గర ఉంది. ఈ ఆలోచన కూడా పాతదే, జేఎఫ్‌కే రోజుల్లోనే న్యూరల్ నెట్‌వర్క్ వాడి చూశారు. అయితే కంపెనీ ప్రోగ్రామ్ నేర్చుకున్న పాఠాలన్నీ వాళ్ళ ఆఫీసు సూట్‌కేసులవి. మా బ్యాగులు పెడితే అలారాలు తగ్గకపోగా పెరిగాయి. ఆ ప్రోగ్రామ్ కళ్ళకు గంజాం జిల్లా బ్యాగు అన్నదే వింత వస్తువు.

పొద్దున మోగే టిఫిన్ క్యారియర్

అప్పుడు రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నాం. నాతో పనిచేసిన టెక్నీషియన్ పట్టు నేసే ఇంటి కుర్రాడు. అతనే మొదట గమనించాడు.

"సార్, స్టీలు గిన్నెలున్న బ్యాగులు పొద్దున పెడితే మోగుతున్నాయి, మధ్యాహ్నం పెడితే మోగడం లేదు. చూడండి, 12 నంబరు రెండుసార్లు పెట్టాం."

12వ బ్యాగులో నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్, రెండు స్టీలు డబ్బాలు, బట్టలు. స్టీలులో నైట్రోజన్ లెక్కలోకి రానంత తక్కువ. అది పొద్దుటిపూట మాత్రమే పేలుడు పదార్థంలా కనిపించడానికి కారణం బ్యాగులో ఉండే అవకాశం లేదు. మిషన్‌లోనే ఉండాలి.

గామా కిరణాలను పట్టడానికి మేం వాడినవి సోడియం అయొడైడ్ డిటెక్టర్లు. వేడెక్కితే వాటి సిగ్నల్ తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. మేం మిషన్‌ను సరిచేసింది మే నెల మధ్యాహ్నం, రేకుల షెడ్డు నిప్పుల గుండంలా ఉన్నప్పుడు. తెల్లవారుజామున సముద్రపు గాలికి షెడ్డు చల్లబడితే సిగ్నల్ ఐదు శాతం దాకా పైకి లేస్తోంది. స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం ఉంటుంది, అది 9.72 ఎంఈవీ కిరణం వదులుతుంది. దాన్ని ఐదు శాతం పైకి నెడితే 10.2. మేం నైట్రోజన్ కోసం తెరిచిన కిటికీ, అంటే లెక్కలోకి తీసుకునే శక్తుల హద్దు, 10 దగ్గర మొదలవుతుంది. పొద్దున్న క్రోమియం ఆ కిటికీలోంచి లోపలికి వచ్చేస్తోంది.

దీనికి ఏసీ పెట్టించడం సులువైన దారి. నేను వద్దన్నాను. ఏసీ ఆగిన రోజున మిషన్ మనకు చెప్పకుండా అబద్ధం ఆడుతుంది. మిషన్ తన జారుడును తానే పట్టుకోవాలి. అందుకు ఎప్పుడూ కదలని ఒక గుర్తు కావాలి. సోర్సు తెరిచి ఉన్నప్పుడు పాలిథిన్‌లోని హైడ్రోజన్ 2.22 దగ్గర పెద్ద శిఖరం ఇస్తుంది, అది సరిపోయింది. పైన సరిగ్గా ఉందో లేదో చూడడానికి చుట్టూ ఉన్న ఇనుము వదిలే 7.63 పనికొచ్చింది. సోర్సు మూసి ఉన్న రాత్రుళ్ళు ఏది గుర్తు?

అక్కడ ఈ నేల ఆదుకుంది. గోపాల్‌పూర్ నుంచి ఛత్రపూర్ దాకా తీరపు ఇసుకలో మోనజైట్ ఉంది, అందులో థోరియం ఉంది. ఛత్రపూర్‌లో ప్రభుత్వ రేర్ ఎర్త్స్ సంస్థ ఈ ఇసుకనే తవ్వి ఖనిజాలు వేరుచేస్తుంది. థోరియం కుటుంబంలో చివరన వచ్చే థాలియం-208 2.61 ఎంఈవీ దగ్గర గామా వదులుతుంది. ఎక్కడైనా మట్టిలో ఇది కాస్త ఉంటుంది, ఇక్కడ బాగా కనిపిస్తుంది. షెడ్డు గచ్చులోంచి రాత్రంతా వచ్చే ఆ కిరణాన్నే గుర్తుగా పెట్టుకున్నాం. మొదటి రోజుల్లో ఈ బ్యాక్‌గ్రౌండ్ ఎక్కువని విసుక్కున్నది నేనే. ఆ తరవాత ప్రతి తెల్లవారుజామున దాన్ని చూశాకే మిషన్ తెరిచాం.

స్టీలు అలారాలు ఆగిపోయాయి.

ఉప్పు మూట చెప్పింది

మిగిలినవాటిలో ఎక్కువ మోగినది 43వ బ్యాగు. హైదరాబాదులో మనవరాలి పురిటికి వెళ్తున్న ఒక పెద్దమ్మది. బ్యాగులో సగం నెత్తళ్ళు, ఎండు రొయ్యలు, ఉప్పుచేప. గుడ్డలో చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి, ఆ పైన పాత చీర చుట్టి. మిషన్ చూపించిన నైట్రోజన్ లెక్క మెలమైన్ పొట్లం కంటే ఎక్కువ.

చేపంటే ప్రోటీను, ప్రోటీనులో ఆరో వంతు నైట్రోజన్. కాబట్టి మోగడం న్యాయమే అని మావాళ్ళు అన్నారు. నాకు మాత్రం లెక్క కుదరలేదు. బరువు తూచి, అందులో ఉండగల నైట్రోజన్ వేసుకుని చూస్తే, మిషన్ చూపించినది దానికంటే చాలా ఎక్కువ వస్తోంది. మిగతాది ఎక్కణ్ణుంచి?

అనుమానం ఉప్పు మీదికి వెళ్ళింది. గంజాం దగ్గర హుమ్మా ఉప్పు మడుల నుంచి వచ్చిన కల్లుప్పు మూట ఒకటి తెప్పించి, ఖాళీ సూట్‌కేసులో అది ఒక్కటే పెట్టాం. ఉప్పులో నైట్రోజన్ లేదు. మిషన్ మోగింది.

కారణం ఇది. క్లోరిన్ ఆబగా న్యూట్రాన్లు మింగి చాలా గామా కిరణాలు వదులుతుంది. వాటిలో ఒకటి 8.58 ఎంఈవీ. అదే క్షణంలో హైడ్రోజన్ నుంచి 2.22 కిరణం వచ్చి అదే డిటెక్టరుకు తగిలితే, ఎలక్ట్రానిక్స్ ఆ రెండిటినీ విడదీయలేక ఒకే దెబ్బగా కలిపేస్తుంది. 8.58, 2.22 కలిపితే 10.80. నైట్రోజన్ కూర్చునే కుర్చీలోనే వచ్చి కూర్చుంటుంది. దీన్ని పైల్-అప్ అంటాం. సిమెంటు బెల్టు దగ్గర నాకు తెలిసిన జబ్బే. అక్కడ నైట్రోజన్ కోసం వెతకం గనక ఈ కుర్చీ వైపు ఎప్పుడూ చూడలేదు.

ఇది అనుమానంగానే మిగలకుండా తేల్చడానికి చేసిన పరీక్ష ఈ కేసు మొత్తంలో నాకు బాగా నచ్చినది. సోర్సును వెనక్కి జరిపి, బ్యాగులోకి వెళ్ళే న్యూట్రాన్లను సగం చేశాం. నిజమైన నైట్రోజన్ కిరణాలైతే లెక్క సగమవ్వాలి. రెండు కిరణాలు కాకతాళీయంగా కలిసినవైతే, ఒక్కోటి సగమై, కలిసే అవకాశం నాలుగో వంతుకు పడాలి. ఉప్పు మూట పెట్టాం, నాలుగో వంతుకు పడింది. పట్టుచీరల బ్యాగు పెట్టాం, సరిగ్గా సగం. చేపల బ్యాగు ఆ రెండిటికీ మధ్యలో ఆగింది. అంటే చేపల మూటలో నిజమైన నైట్రోజన్ కొంత, ఉప్పు ఆడించిన నాటకం కొంత.

మందు ఎలక్ట్రానిక్స్‌లో దొరికింది. దెబ్బల నిడివి తగ్గించాం, కలిసిపోయిన దెబ్బను దాని ఆకారం చూసి తోసిపుచ్చే సర్క్యూట్ పెట్టాం, డిటెక్టర్ల ముందు పల్చటి సీసం పలక వేసి తక్కువ శక్తి కిరణాల రద్దీ తగ్గించాం. ఉప్పు మూట మోగడం మానేసింది. ఆవకాయ జాడీలు కూడా.

పెద్దమ్మ అడిగిన ప్రశ్న

బ్యాగు తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆవిడ అడిగింది.

"బాబూ, ఈ చేపలు మళ్ళీ తినొచ్చా? బాలింతకి పెట్టాలి."

ఈ ప్రశ్నకు జవాబు నా దగ్గర ముందే ఉండాలి. లేదు. న్యూట్రాన్లు తగిలితే ఉప్పులోని సోడియం కొద్దిగా సోడియం-24గా మారుతుందని, అది 15 గంటలకు సగమవుతుందని నాకు తెలుసు. మోతాదు చాలా తక్కువని లెక్క వేసి ఉన్నాను కూడా. కొలవలేదు. లెక్క వేరు, ఒక బాలింత పళ్ళెం వేరు.

"రెండు రోజులు ఆగు పెద్దమ్మా, కొలిచి చెప్తాను" అన్నాను.

చేపల మూటను సీసం గదిలో పెట్టి రాత్రంతా లెక్కించాం. మేం కలిపిన రేడియోధార్మికత, చేపలో సహజంగా ఉండే పొటాషియం ఇచ్చే దానిలో చిన్న భాగం కూడా కాదు. నాలుగు రోజులకు ఆ కాస్తా పోయింది. ఆ కాగితం తీసుకెళ్ళి, ఏం కొలిచామో చెప్పాను. తినొచ్చన్నాను. ఆ మూట వద్దనుకుంటే కొత్తది కొనిస్తామని కూడా చెప్పాను. ఆవిడ పాత మూటే తీసుకుంది. ఆ రోజు నుంచి తినే వస్తువున్న ప్రతి బ్యాగునూ తిరిగి ఇచ్చేముందు కొలవడం మా నియమమైంది. ఒప్పందం కాగితంలో కూడా ఆ మాట చేర్చాం. అది మొదటి రోజే ఉండాల్సింది, తప్పు నాది.

పట్టుచీరలు

చివరికి మిగిలినవి మిషన్ తప్పులేని అలారాలు. బరంపురం పట్టు పేరున్నది, ఇక్కడ పెళ్ళికి వెళ్ళే బ్యాగులో కుంభం అంచు చీరలు ఐదారు ఉండడం వింత కాదు. పట్టు ప్రోటీనే. అందులో నైట్రోజన్ 18 శాతం దాకా ఉంటుంది, అంటే టీఎన్‌టీలో ఉన్నంత. ఆరు చీరల బ్యాగులో నైట్రోజన్ ఉందని మిషన్ చెప్తే అది నిజమే చెప్తోంది. సగం సోర్సు పరీక్షలో తేలింది కూడా అదే.

టెక్నీషియన్ కుర్రాడు అడిగాడు, "అయితే మా ఇంట్లో నేసేదాన్ని ఈ మిషన్ ఎప్పటికీ అనుమానిస్తుందా సార్?" చాలాసేపు జవాబు చెప్పలేకపోయాను.

మిషన్‌ను తిట్టి లాభం లేదు. దానికి వేసిన ప్రశ్న తప్పు. నైట్రోజన్ ఎంత ఉంది అని అడిగాం, అది చెప్పింది. అడగవలసింది, ఆ నైట్రోజన్ ఎక్కడ ఉంది, ఎంత చోటులో ఉంది, అక్కడున్న వస్తువు ఎంత చిక్కగా ఉంది అని. దీనికి న్యూట్రాన్ ఒక్కటే చాలదు. పక్క గదిలో కాలేజీవాళ్ళు వాడుతున్న రెండు శక్తుల ఎక్స్‌రే మిషన్ ఉంది. బ్యాగు ముందు దానిలో పెట్టి, ఎక్కడ ఎంత సాంద్రత ఉందో పటం తీసుకున్నాం. తరవాత ఎనిమిది డిటెక్టర్లు చూపించే నైట్రోజన్ తేడాలను ఆ పటం మీద పరిచాం. చీరల మడతల్లో గాలి ఉంటుంది, పట్టు బ్యాగంతా పరుచుకుని ఉంటుంది. నైట్రోజన్ నిలిచిన చోటును ఎక్స్‌రే పటంలో కనిపించే వస్తువుతో పోల్చి చూస్తే చీరల బ్యాగులు చాలావరకు విడిపోయాయి.

వేగపు న్యూట్రాన్లు వాడి కార్బన్, ఆక్సిజన్ కూడా కొలిస్తే ఇంకా బాగా విడిపోతాయి. పేలుడు పదార్థాల్లో ఆక్సిజన్ దండిగా, కార్బన్ తక్కువగా ఉంటుంది, పట్టుకూ చేపకూ ఆ పోలిక ఉండదు. దానికి 14 ఎంఈవీ న్యూట్రాన్ జనరేటర్ కావాలి. స్విచ్ ఆపితే న్యూట్రాన్లు ఆగిపోతాయి గనక సేఫ్టీ చూసేవాడిగా నాకు అదే ఇష్టం. కంపెనీకి ఆ ఖర్చు మోయడం కుదరలేదు.

ఇంకో పని, ఖర్చు లేనిది, కష్టం ఎక్కువైనది. ప్రోగ్రామ్‌కు పాత పాఠాలన్నీ చెరిపేసి, ఇక్కడి బ్యాగులతో మొదటి నుంచి నేర్పాం. పెళ్ళి బ్యాగు, పురిటి బ్యాగు, సూరత్ కుర్రాళ్ళ బ్యాగు. చలికాలం ఉన్ని దుప్పట్లు, వేసవి మామిడి తాండ్ర. సూరత్ వెళ్ళే కుర్రాళ్ళు కొందరు కడిగిన యూరియా సంచిలో బట్టలు తెచ్చారు. సంచికి అంటుకున్న దుమ్ము, ఆవిరినీ పొడినీ చూసే ట్రేస్ పరికరాల ముందు గొడవ చేయగలదు, మా మిషన్ మొత్తం పదార్థాన్ని చూస్తుంది గనక దానికి ఆ దుమ్ము కనపడనే లేదు. ఏ పద్ధతి దేనికి బెదురుతుందో ఇలాంటి సంచులే నేర్పుతాయి.

వారాల తరబడి సాగిన ఈ పని చివర, మొదటి వారపు 60 బ్యాగులకు సరిపోయేలా కొత్తగా 60 తెచ్చి పెట్టాం. 4 మోగాయి. మెలమైన్ పెట్టిన బ్యాగులు గీత దించకముందు తప్పినట్టు ఈసారి తప్పలేదు. మోగిన నాలుగిటిలో మూడు ఎండుచేపలవి, ఒకటి కొత్త తోలు చెప్పుల మూట. తోలు కూడా ప్రోటీనే.

కంపెనీతో తేడా

ఆ నాలుగు దగ్గర మాకు మాట తేడా వచ్చింది. బ్రోచర్‌లో "తప్పుడు అలారాలు లేవు" అని వేస్తామన్నారు. 60 బ్యాగుల పరీక్ష నుంచి ఆ మాట ఎవరూ చెప్పలేరు. పైగా నాలుగు మోగాయి. చేపల బ్యాగులను ప్రోగ్రామ్‌లో మామూలు అని ముద్ర వేసేస్తే సరిపోతుంది కదా అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒక వాసన ఉన్న మూటను చూడకుండా వదిలేయమని మిషన్‌కు నేర్పిన రోజున, కనిష్క రోజు పాడైన ఎక్స్‌రే పక్కన మనమూ నిలబడినట్టే. చేపల బ్యాగు మోగనివ్వాలి. మోగితే మనిషిని దొంగలా చూడకుండా, ఆ మనిషి ఎదుటే విప్పి, అడిగి, మూసి ఇవ్వాలి. దానికి రెండు నిమిషాలు పడుతుంది, తెలుగో ఒడియానో వచ్చిన ఒక మనిషి కావాలి. రిపోర్టులో ఇదే రాసి ఇచ్చాను. బ్రోచర్ నుంచి నా పేరు తీయించాను. కొనడానికి వచ్చినవాళ్ళు చూసి వెళ్ళారు, కొనలేదు.

ఇలాంటి ట్రయల్ మళ్ళీ చేయాల్సివస్తే మొదటి రోజు నేను చేసే పనులు వేరు. మిషన్ పెట్టె విప్పకముందే ఊరి బస్టాండులో, రైల్వే స్టేషన్‌లో రెండు రోజులు కూర్చుని జనం ఏం మోస్తున్నారో చూస్తాను. ఉప్పు మూట, స్టీలు క్యారియర్, పట్టుచీర, ఈ మూడిటినీ విడివిడిగా మొదటి గంటలోనే పెడతాను. ప్రతి అలారానికీ సగం సోర్సు పరీక్ష చేయిస్తాను. తినే సామానుకు కొలత కాగితం బ్యాగుతో పాటే ఇస్తాను. షెడ్డు ఉష్ణోగ్రత ప్రతి లెక్క పక్కనా రాయిస్తాను. 12వ బ్యాగు పక్కన ఆ అంకె రాసి ఉంటే పది రోజులు మిగిలేవి.

కాలిఫోర్నియం-252 సగమవడానికి రెండేళ్ళ ఏడెనిమిది నెలలు పడుతుంది. ట్రయల్ ముగిశాక సోర్సును సీసం, పాలిథిన్ పీపాలో పెట్టి, కొలతలు తీసి, కాగితాలన్నీ ఏఈఆర్‌బీకి పంపి, సరఫరాదారుకు తిప్పి పంపించాం. లారీ వెళ్ళాక షెడ్డులో చివరి కొలత తీసుకున్నాను. స్క్రీన్ మీద న్యూట్రాన్ల గీతలన్నీ పోయి పైన ఎత్తు శక్తుల వైపు ఒక్క శిఖరమే మిగిలింది, 2.61 దగ్గర, గచ్చులోంచి వచ్చేది. ఆ పటాన్ని ప్రింటు తీసి, తేదీ వేసి, రిజిస్టర్ చివరి పేజీకి అంటించాను. రిజిస్టర్ ఇప్పుడు ఆ కాలేజీలోనే ఉంది, బ్యాగుల జాబితాతో సహా.